పింగ్ వస్తోంది కాబట్టి తప్పు మాది కాదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందుగా ఒక మాట చెప్పాలి. నెట్‌వర్కు మనిషి ఉద్యోగంలో సగం కాలం యంత్రాలను బాగుచేయడానికి పోతుంది. మిగతా సగం, చెడిపోయింది మన యంత్రం కాదని రుజువు చేయడానికి పోతుంది. నేను ఈ రెండో పనిలో ఎక్కువ నేర్పరిని. నాకు వచ్చిన మంచిపేరులో చాలా భాగం అక్కడ సంపాదించుకున్నదే.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి ఎలా వస్తాయో మీకు ఎలాగూ తెలుస్తుంది. రెండు నెట్‌వర్కు కార్డులున్న ఒక సర్వరు గురించి రాస్తాను. నా సర్వీసంతటిలో నాకు నిజంగా ఏదైనా నేర్పింది అదే. నేర్పించడానికి నా దగ్గర ఫీజేమీ తీసుకోలేదు. వేరొకరి దగ్గర తీసుకుంది.

ఉల్లిపాయల మీద సర్వరు

నేను పనిచేసింది విశాఖపట్నం రేవులో దిగిన సరుకును యార్డులో పేర్చి, లారీలకెక్కించి పంపే ఒక ప్రైవేటు కంపెనీలో. ఆఫీసు వన్ టౌన్‌లో ఉండేది. కింద ఉల్లిపాయల హోల్‌సేల్ దుకాణం, పైన మేము. సర్వరు గదికి ఏసీ పెట్టించుకున్నాం కాబట్టి మా గదిలో ఉల్లిపాయల వాసన చల్లగా వచ్చేది.

తొంభైలలో నేను చేరేనాటికి గేటు పాసులు కాగితాల మీద నడిచేవి. తరువాత ఆఫీసుకూ, గాజువాక దారిలో ఉన్న యార్డుకూ మధ్య టెలిఫోన్ వాళ్ళు మాకోసమే అద్దెకిచ్చే తీగ, లీజుడు లైను, వచ్చింది. ఆఫీసులో బిల్లు పాసవగానే మా సర్వరు యార్డు గేటు దగ్గర ఉన్న కంప్యూటరుకు ఒక సందేశం పంపేది. అక్కడ తెర మీద లారీ నంబరు పడితే గేటు తెరుస్తారు. పడకపోతే లోపల స్టీలు కాయిల్సు ఉన్నా, ఎరువుల బస్తాలున్నా లారీ కదలదు.

యార్డు కంప్యూటర్లు చూసేది మస్తాన్. వాళ్ళ నాన్నకు వన్ టౌన్‌లోనే ట్రంకుపెట్టెలు చేసే కొట్టు ఉండేది. మస్తాన్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఒక కాంట్రాక్టరు కింద యార్డులో చేరాడు. ఏడాదికోసారి రెన్యువల్. ఆ ఏడు మాత్రం రెన్యువల్ కాదు, పర్మినెంటే చేస్తామని మా మేనేజరు సన్యాసిరావు గారు నా ముందే అతనికి మాటిచ్చారు. శుక్రవారం నమాజుకు వన్ టౌన్ వచ్చినప్పుడల్లా మస్తాన్ మా ఆఫీసుకెక్కి నాతో టీ తాగి వెళ్ళేవాడు. నన్ను మూర్తి బావా అని పిలిచేవాడు.

ముందు అన్నవాడిదే గెలుపు

పింగ్ అంటే ఒక యంత్రం ఇంకో యంత్రాన్ని "ఉన్నావా?" అని అడగడం. అవతలిది "ఉన్నాను" అంటుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. కానీ మా పనివాళ్ళలో దానికొక ఆచారం ఉండేది. రెండు ఊళ్ళ మధ్య, రెండు ఆఫీసుల మధ్య ఏదైనా ఆగిపోతే, ఫోనులో ఎవరు ముందు "పింగ్ వస్తోంది" అంటారో వారు నిర్దోషులు. తప్పు వెతుక్కోవలసింది రెండోవాళ్ళు. ఎవరూ రాసిపెట్టని ఈ నియమాన్ని టెలిఫోన్ వాళ్ళూ పాటించేవారు, కంప్యూటర్లు అమ్మినవాళ్ళూ పాటించేవారు. నేను అందరికంటే నిష్ఠగా పాటించాను.

సన్యాసిరావు గారికి కంప్యూటరు రాదు, ఈ నియమం మాత్రం బాగా వచ్చు. హెడ్డాఫీసు నుంచి ఫోను రాగానే రిసీవరు మీద చెయ్యి అడ్డుపెట్టి నన్నడిగేవారు. "పింగ్ ఒత్తందా మూర్తీ?"

"వస్తోందండి."

చెయ్యి తీసి ఫోనులో, "మా సైడంతా క్లియరండి," అనేవారు. ఆయనను తప్పుపట్టను. ఆ మాట ఆయన చేతికిచ్చింది నేనే.

రెండో గుమ్మం

రెండువేల సంవత్సరం దాటాక యార్డుకు రేడియో లింకు వేయించాం. మా మేడ మీద ఒక స్తంభం, యార్డులో ఒక స్తంభం, వాటి మీద ఎదురెదురుగా చూసుకునే డిష్షులు. లీజుడు లైను కంటే చాలా వేగం. ప్రతిపాదన నాది. సర్వరులో రెండో నెట్‌వర్కు కార్డు నేనే బిగించి, రేడియో తీగను దానికి కలిపాను. రేడియో బాగున్నంతసేపు యార్డుకు వెళ్ళేవన్నీ కొత్త కార్డు నుంచి, అది చెడిపోతే వాటంతటవే పాత కార్డు నుంచి లీజుడు లైను మీదికి పోయేలా ఏర్పాటు చేశాను. సన్యాసిరావు గారు కొబ్బరికాయ కొట్టారు. ఇందులో ఏదో మరిచిపోయానని నాకు తోచలేదు.

మరిచిపోయిందేమిటో చెబుతాను. వన్ టౌన్‌లో కొన్ని పాత ఇళ్ళకు రెండు సందుల్లో రెండు గుమ్మాలుంటాయి. అలాంటి ఇంట్లో ఉండే మనిషి ఏ గుమ్మం నుంచి బయటికొస్తే ఆ సందులో నంబరే తన ఇంటి నంబరని చెబుతాడనుకోండి. రెండు కార్డులున్న సర్వరు అలాంటి మనిషి. కార్డుకొక చిరునామా. తాను పనిపెట్టుకుని బయలుదేరినప్పుడు, ఏ దారిన వెళ్ళాలో ముందు చూసుకుంటుంది. ఆ దారి వైపున్న కార్డు చిరునామానే 'పంపినవారు' అన్నచోట రాసుకుంటుంది. మీరు వేరే చెబితే తప్ప అంతే. అదే, ఎవరైనా దాన్ని పాత చిరునామాకు పిలిస్తే, ఏ గుమ్మం నుంచి జవాబు పంపినా పాత చిరునామాతోనే పంపుతుంది.

ఇప్పుడు యార్డు గేటు కంప్యూటరులో ఒక కాపలావాడు ఉన్నాడనుకోండి. పింగ్‌లాంటి పలకరింపులు ఎవరివైనా లోపలికి వదులుతాడు. గేటు పాసులు మాత్రం ఆఫీసు పాత చిరునామా నుంచి వస్తేనే తీసుకుంటాడు. భద్రత కోసం అలా పెట్టించమని కొన్నేళ్ళ కిందట మస్తాన్‌కు చెప్పినవాణ్ణి నేనే. కొత్త కార్డు వేసిన రోజున కొత్త చిరునామా గురించి అతనికి చెప్పనివాణ్ణీ నేనే.

ఫలితం మీకు అర్థమయ్యే ఉంటుంది. కొత్త లింకు బాగున్నప్పుడు గేటు ఆగిపోయేది. చెడిపోయినప్పుడు నడిచేది.

కప్ప

మొదటిసారి ఆగిన రోజు మస్తాన్ ఫోను చేశాడు.

"బావా, గేటు ఆగిపోనాది. నీ కాడ నుంచి ఏటీ రాట్లేదు."

"పింగ్ చూశావా?"

"సూసాను. వత్తంది."

"నాకూ వస్తోంది. ఇంకేం మరి?"

"పింగ్ వత్తంది బావా, పాసులే రాట్లేదు. లారీవోళ్ళు పింగ్ సూపించి బయటికెల్తారేటి?"

నవ్వాను. మీ వైపు చూసుకో అన్నాను. అతను గేటు కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. ఈలోగా వాన పడి రేడియో పోయింది, పాసులు వెళ్ళాయి. చూశావా, నీ మెషినే, అన్నాను.

ఇలా చాలాసార్లు జరిగింది. వాన వచ్చినా, రెండు స్తంభాల మధ్య పెద్ద క్రేను అడ్డంగా నిలబడినా రేడియో పోయేది, అప్పటిదాకా ఆగిన పాసులన్నీ వెళ్ళి గేటు నడిచేది. ఎండ కాస్తే ఆగేది. ఒకరోజు తనిఖీకి యార్డుకు వెళితే, వరసలో ఆగిపోయిన ఒక లారీ డ్రైవరు నన్నాపాడు.

"కంప్యూటర్ల బాబు నువ్వేనా? ఇదేటి గేటు బాబూ. వానొత్తే తెరుసుకుంటాది, ఎండొత్తే మూసుకుంటాది. లోపల కప్పనేటి పెట్టేరు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మస్తాన్ కూడా నవ్వాడు గానీ, నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఆడన్నది ఎటకారమే గానీ బావా, ఓపాలి నీ సైడు నుంచి కూడా సూడు. నాను రోజూ మాటలు పడతన్నాను."

చూస్తానన్నాను. ఆఫీసుకొచ్చి పింగ్ కొట్టాను. వచ్చింది.

ఆ తరువాత అతను చేసిన ఒక ఫోను నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "బావా, ఎవుడో కొత్త నంబరోడు మా గేటు తలుపు కొడతన్నాడు. పాసులు దిగే తలుపే. నాను రానివ్వట్లేదు. నీదా అది?" నంబరు చదివి వినిపించాడు.

నేను పట్టుమని క్షణం కూడా ఆలోచించలేదు. "మాది కాదు," అన్నాను. "మా నంబరు నీకు తెలిసిందే కదా. అది ఎవరిదో చూడు, వైరస్ అయ్యుంటుంది."

ఆ నంబరును కొత్త కార్డుకు నా చేత్తో నేను పెట్టాను. తెలిసి అబద్ధం చెప్పలేదు. అంతకంటే హీనమైన పని చేశాను. మా సర్వరుకు ఒకటే చిరునామా అని అలవాటుగా నమ్మి, నమ్మకంగా చెప్పాను. మస్తాన్ నా మాట నమ్మి, ఆ నంబరును ఇంకా గట్టిగా అడ్డుకున్నాడు. అప్పటిదాకా పొరపాటున నిరాకరించిన నా పాసులను అప్పటినుంచి నా సలహా మీద నిరాకరించాడు.

మా సైడంతా క్లియర్

ఒక ఓడ సరుకు ఆలస్యమై ఆ సరుకుదారు గొడవచేసేసరికి మీటింగు పెట్టారు. మస్తాన్ కాంట్రాక్టరు మనిషి కాబట్టి అతన్ని పిలవలేదు. సన్యాసిరావు గారు నన్నడిగారు.

"ఒక్క ముక్కలో చెప్పు మూర్తీ. తప్పు ఎటేపు?"

మస్తాన్ తప్పు అని నేననలేదు. ఈ మాట చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నేనన్నది ఇంతే. "రెండు వైపుల నుంచీ పింగ్ వస్తోందండి. మన వైపు లోపం లేదు. యార్డు ఎండ్ చూడాలి."

యార్డు ఎండ్‌లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. మా భాషలో మనుషుల పేర్లు చెప్పనవసరం లేకుండానే మనుషులు పోతారు. ఈ సౌకర్యం గురించి ఏ పుస్తకంలోనూ రాయరు.

వారం తిరక్కుండా కాంట్రాక్టరు మస్తాన్‌ను తీసేసి ఇంకొకతన్ని పెట్టాడు. పర్మినెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొత్తతను చేరిన మర్నాడు నేను సర్వరు మీద ఇంకేదో పనిచేస్తూ రెండో కార్డు చిరునామా టైపు చేయబోయాను. సగం అంకెలు కొట్టాక చెయ్యి ఆగిపోయింది. ఫోనులో మస్తాన్ చదివిన నంబరు నా వేళ్ళ కింద ఉంది. సర్వరు గడప దాటి వెళ్ళేవాటిని తెర మీద పెట్టి చూశాను. ఒక్కొక్క పాసూ కొత్త చిరునామా రాసుకుని బయలుదేరుతోంది, నిరాకరణ తీసుకుని తిరిగొస్తోంది. ఎంతో ఓపికగా, వారాల తరబడి అదే చేస్తోంది.

సరిచేయడానికి ఒక్క వరుస చాలింది. ఏ దారిన వెళ్ళినా పాత చిరునామాతోనే వెళ్ళమని చెప్పడం. టీ చల్లారేలోగా అయిపోయింది. ఎండ కాస్తుండగానే గేటు నడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం సన్యాసిరావు గారు నా గదికొచ్చారు. ఎప్పుడూ రారు. "సూసేవా మూర్తీ, మనిసిని మారిస్తే మిషను బాగుపడింది. నువ్వు ముందే సెప్పేవు, యార్డు ఎండని."

జవాబు నా నోట్లో ఉంది. నేను అన్నది, "అవునండి."

ఆ ఒక్క వరుసతో నేను చేసిన పని అదీ. తప్పును సరిదిద్ది, ఆ సరిదిద్దడాన్నే మస్తాన్ మీద సాక్ష్యంగా మార్చాను. అతను పోయాక బాగుపడింది కాబట్టి అతనే కారణమని యార్డంతా తేల్చుకుంది.

కొన్నాళ్ళకు ఉండబట్టలేక సన్యాసిరావు గారికి నిజం చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"ఇప్పుడు సెప్పి ఏటి సేద్దామయ్యా? ఆ కొత్త కుర్రోడు సేరిపోనాడు. ఆడికీ కుటుంబం ఉంది. పైకి రాస్తే నీ పేరూ పోతాది, నా పేరూ పోతాది. మస్తాన్‌కి ఏటి ఒరుగుతాది?"

ఆయన వద్దన్నందుకు నాకు బాధ కలిగిందని రాయాలని ఉంది. కలగలేదు. ఎంతో హాయిగా అనిపించింది. నిజం చెప్పేశాననే తృప్తీ మిగిలింది, ఉద్యోగమూ మిగిలింది. అప్పటి నుంచి యార్డు తనిఖీ శుక్రవారాలకు మార్చుకున్నాను. మస్తాన్ నమాజుకు వన్ టౌన్ వచ్చే వేళకు నేను వన్ టౌన్‌లో ఉండేవాణ్ణి కాదు.

ఇంటర్వ్యూ

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు, నా సీటు నేర్చుకోవడానికి ఒకరిని తీసుకుందామని ఇంటర్వ్యూలు పెట్టాం. పద్మ అని ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న ఫిషింగ్ హార్బరులో బోటు మీద వేటకు వెళతాడు. నేను అందరినీ అడిగే ప్రశ్నే ఆమెనూ అడిగాను. సర్వరుకు రెండు కార్డులున్నాయి, రెండు వైపులా పింగ్ వస్తోంది, కానీ సర్వరు పంపేది అవతలికి చేరడం లేదు, ఎక్కడ చూస్తావు? అప్పటిదాకా వచ్చినవాళ్ళంతా అవతలి వైపు చూస్తామన్నారు. నాకు కాస్త ఊరటగా ఉండేది.

"ముందు మన సర్వరు మీదే చూస్తాను సార్. బయలుదేరేటప్పుడు ఏ అడ్రసు పెట్టుకుని బయలుదేరుతోందో," అంది ఆమె, ప్రశ్న పూర్తి కాకముందే.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ద్వారకా నగర్‌లో సార్, నెట్‌వర్కింగ్ కోచింగు. మా సార్ మొదటి క్లాసులో ఇదే చెప్తారు. గేటు కథ."

"గేటు కథా?"

"వానొస్తే తెరుచుకునే గేటు సార్. ఒక ఇంజనీరు గారు సర్వరుకి రెండో కార్డు వేసి, ఆ అడ్రసు తనదేనని మర్చిపోతారు. అవతల ఇంకొకాయన మీద తప్పు పడిపోద్ది. మేం బాగా నవ్వుకుంటాం సార్," అంది.

మంచినీళ్ళు తాగాను. "ఆ ఇంజనీరు ఎవరట?"

"అడిగేం సార్. పేరు చెప్పరు. ఆయనింకా సర్వీసులో ఉన్నారు, పేరెందుకు అన్నారు."

పద్మను తీసుకున్నాం. ఆమె ఆ సీటుకు నాకంటే తగినది.

మార్కరు

రిటైరయ్యాక ద్వారకా నగర్‌లో ఆ కోచింగుకు వెళ్ళాను. బస్ కాంప్లెక్సు దగ్గర దిగి, బోర్డులన్నీ చదువుకుంటూ, వెళ్ళకుండా ఉండడానికి ఏదైనా సాకు దొరుకుతుందేమోనని మెల్లగా నడిచాను. రెండో అంతస్తు. క్లాసులో బోర్డు ముందు మస్తాన్ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుమ్మంలో చూసి మాట ఆపాడు.

"రా బావా," అన్నాడు. "ఇన్నేళ్ళకి దారి తెలిసిందా?"

"రిటైరయ్యాను," అన్నాను.

"తెలుసు. పద్మ సెప్పింది."

"నీకెప్పుడు తెలిసింది, ఆ నంబరు మాదని?"

"నన్ను తీసేసిన వారానికే. గేటు బాగుపడిందంట కదా. నాను ఎల్లిపోతే బాగుపడ్డానికి, ఆ గేటుకి నా మీద పగేటి? కూకుని ఆలోసించాను."

"మరి వచ్చి అడగలేదే."

"శుక్రారం వొచ్చేవోణ్ణి. నువ్వుండేవోడివి కాదు."

క్లాసులో పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు. ఆ రోజు కొత్త బ్యాచి, మొదటి క్లాసు. బోర్డు మీద ఒక ఇల్లు, దానికి రెండు గుమ్మాలు, అవతల ఒక గేటు గీసి ఉన్నాయి.

"ఆ కథ నేను చెబుతాను," అన్నాను. "పేరుతో."

మస్తాన్ నా ముఖంలోకి చూసి, మార్కరు నా చేతిలో పెట్టి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు.

చెప్పాను. కొత్త కార్డు, కొబ్బరికాయ, వాన, కప్ప, మాది కాదన్న ఫోను, మీటింగు, ఒక్క వరుస, అవునండి. కప్ప దగ్గర నవ్వారు. ఆ ఇంజనీరు నేనేనని చెప్పాక నవ్వడం మానేశారు. ముందు వరసలో ఒకతను చెయ్యెత్తాడు.

"మరి యార్డులో ఆయన ఏమయ్యారు సార్?"

పద్మ కూడా ఆ మనిషిని 'ఇంకొకాయన' అనే అంది. మస్తాన్ ఇన్ని బ్యాచిలకు కథ చెప్పి, అందులో నా పేరే కాదు, తన పేరు కూడా చెప్పుకోలేదు. నేను చివరి బెంచీ వైపు చూశాను. వద్దన్నట్టు చిన్నగా చెయ్యి ఊపాడు.

అప్పటి మీటింగులో అతని పేరు చెప్పకుండా అతన్ని పోగొట్టాను. ఈసారి చెప్పాను.

"మస్తాన్ సార్," అన్నాను. "మీ వెనకే కూర్చున్నారు."

క్లాసంతా వెనక్కి తిరిగింది. అతను మాత్రం కిటికీలోంచి బయటికి, వాన వస్తుందేమో చూస్తున్నవాడిలా, చూస్తూ ఉండిపోయాడు.